తిరగేసిన మేస్త్రీ

మా భోజనాల బల్ల యుద్ధంలోకి దిగి అయిదు నెలలైంది. ఆ అయిదు నెలలూ మేం చాప మీద కూర్చుని తిన్నాం. మా ఆయన మొదటి వారం నడుం నొప్పి అన్నారు, రెండో వారం మోకాళ్ళు అన్నారు, మూడో వారం నుంచి ఏమీ అనలేదు. అలవాటైందో, వాళ్ళమ్మ చూపు తగిలిందో నేను అడగలేదు.

బల్ల మీద ఉన్నది మా అత్తగారి ఓడ. మామూలు ఓడ కాదు, యుద్ధనౌక. అసలు ఓడ నూట ఇరవై మీటర్లు, మా ఇంట్లోది అరవై సెంటీమీటర్లు. బల్ల నాలుగడుగులు కాబట్టి మిగిలిన సగంలో సర్దుకుని తినొచ్చని మా ఆయన లెక్క. ఆ మిగిలిన సగంలో పట్టకార్లు, బ్లేళ్ళు, గరుకు కాగితాలు, జిగురు సీసాలు, మా ఇంటి పనికొచ్చే కత్తెరలన్నీ ఉన్నాయి. ఒకరోజు ఆయన అక్కడ కంచం పెట్టబోతే అత్తగారు తలెత్తకుండానే, "అక్కడ ఫిరంగులు ఆరుతున్నాయి నాన్నా" అన్నారు. ఆయన కంచం పట్టుకుని చాప మీదకి వెనుదిరిగారు. యుద్ధంలో అదే మొదటి తిరోగమనం.

అత్తగారికి అరవై ఆరేళ్ళు. ఓడలు కట్టే యార్డులో, డ్రాయింగ్ ఆఫీసులో, ముప్పై ఆరేళ్ళు ట్రేసరుగా పనిచేశారు. ఇంజనీరు పెన్సిలుతో గీసిన బొమ్మ మీద పల్చటి ట్రేసింగ్ కాగితం పరిచి, దాన్ని నల్ల సిరాతో మళ్ళీ గీసే మనిషి ట్రేసరు. ఆ కాగితం నుంచే ప్రింట్లు తీసి కింద పనివాళ్ళకి ఇస్తారు. వెంట్రుకంత గీత తేడా వస్తే రేపు ఇనుప రేకులో వేలెడు తేడా వస్తుంది. ఆవిడ రిటైరైన రోజు పెద్దాఫీసరు మైకు పట్టుకుని, "ముప్పై ఆరేళ్ళలో ఒక్క తప్పు గీత లేదు!" అని ప్రకటించి, పేరు చెక్కించిన ఇత్తడి స్కేలు బహూకరించారు. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆ స్కేలు బీరువాలోకి వెళ్ళింది, మళ్ళీ బయటికి రాలేదు. చుట్టాలొచ్చినప్పుడు నేను ఆ సంగతి గొప్పగా మొదలుపెడితే ఆవిడ చటుక్కున లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. పొగిడితే సిగ్గుపడే రకం అనుకునేదాన్ని. ఇరవై ఏళ్ళు ఒకే వంటింట్లో ఉన్నా మనిషిని అంతే అర్థం చేసుకున్నాను.

ఈ ఓడ ఆవిడని వెతుక్కుంటూ వచ్చింది. యార్డు వాళ్ళు గేటు పక్కన ఒక గది కట్టి, వచ్చేపోయేవాళ్ళు చూడడానికి పాత వస్తువులు పెడుతున్నారు. నలభై నాలుగేళ్ళ కింద యుద్ధానికి వెళ్ళి, ఒంటి మీద గీత పడకుండా తిరిగొచ్చిన ఓడ ఒకటుంది. అసలుదాన్ని ఎప్పుడో విప్పి తుక్కు చేసేశారు. దాని నమూనా అద్దాల పెట్టెలో పెడితే బాగుంటుందని, రిటైరైన వాళ్ళలో ఎవరైనా చేయగలరా అని ఉత్తరం రాశారు. డ్రాయింగుల నకళ్ళు కూడా పంపారు. అత్తగారు ఉత్తరం రెండుసార్లు చదివారు. నకళ్ళలో ఒకదాన్ని మాత్రం చాలాసేపు చూశారు. తర్వాత కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడిచి, "అమ్మాయ్, బల్ల ఖాళీ చెయ్" అన్నారు.

ఆవిడ పని చూశాక నాకు నా చదువు మీద గౌరవం తగ్గింది. పల్చటి చెక్క పలకలు ఒకదాని మీద ఒకటి అంటించి, ఆ దిమ్మని చెక్కి చెక్కి ఓడ పొట్ట తీశారు. అరచేత్తో నిమురుతూ, కళ్ళు మూసుకుని, ఎక్కడ ఎత్తుందో వేలితో పట్టి అక్కడే గరుకు కాగితం రుద్దేవారు. కాంపౌండరు దగ్గర వాడేసిన ఇంజెక్షన్ సూదులు తెప్పించి, నీళ్ళలో మరిగించి, కోసి, చిన్న ఫిరంగులు చేశారు. పాడైన మిక్సీ మోటారు విప్పి అందులోని రాగి తీగతో డెక్కు చుట్టూ కటకటాలు అల్లారు. ఒక్కో కటకటం అగ్గిపుల్లలో సగం ఎత్తు ఉండదు, అందులో మూడు వరసల తీగ. జెండా తాళ్ళకి దారం లావైపోతోందని ఒకరోజు నా వెనకాల నిలబడి, "కదలకు" అన్నారు. చురుక్కుమంది. నా జడలోంచి మూడు వెంట్రుకలు దేశరక్షణకి వెళ్ళిపోయాయి.

"తెల్లవి తీసుకోకూడదా అత్తయ్యా, చాలానే ఉన్నాయి" అన్నాను.

"తెల్లవాటికి బిగువుండదు" అన్నారు, పట్టకారుతో ముడి వేస్తూ. ఆ ముడి భూతద్దంలో చూశాను. నిజంగా ముడే.

ఇక రంగులు మిగిలాయి. ఆ ఓడకి యుద్ధం కోసం ప్రత్యేకంగా వేసిన మభ్యపెట్టే రంగులుంటాయి: ముదురు బూడిద, నడిమి బూడిద, లేత బూడిద, వంకరటింకర పట్టీలుగా, ముక్కలుగా. యార్డులో వాటిని చారల రంగు అనేవారట. ఎడమ పక్క ఒక తీరు, కుడి పక్క ఇంకో తీరు. ఆ రంగులు కలపడానికి అత్తగారు రంగు మేస్త్రీ గారికి కబురు పెట్టారు. ఆయన మాకు రెండు వీధులవతల ఉంటారు. డెబ్బై అయిదేళ్ళు, ఎండైనా వానైనా చేతిలో గొడుగు, గోళ్ళ చివర్లలో ఏనాటి రంగో ఇంకా ఉంది. అసలు ఓడకి రంగు వేయించింది ఆయనే.

సాయంత్రం నాలుగింటికి వచ్చి, బల్ల మీద ఓడని చూసి, చెప్పులు విడిచారు. గుమ్మం దగ్గర కాదు, బల్ల దగ్గర.

"ట్రేసరమ్మగారూ, ఇది చేత్తోనే చేశారా?"

"కాలితో చేయడం రాదు మేస్త్రీ గారూ."

ఆయన నవ్వి, అత్తగారు కొనిపెట్టిన రంగు డబ్బా మూత తీసి వాసన చూసి మొహం చిట్లించారు. "ఇదేం రంగు?"

"ఓడ బూడిద అని డబ్బా మీదుంది కదండీ" అన్నాను నేను.

"డబ్బా మీద నా బొమ్మ వేస్తే లోపల నేనుంటానా కోడలమ్మా? పైగా ఓడకి వేసిన రంగే దీనికి వేస్తే నల్లగా బొగ్గులా ఉంటుంది. ఓడ ఇంత చిన్నగా కనిపించాలంటే మనం ఎంత దూరంలో ఉండాలి? అంత దూరం గాలి మధ్యలో ఉండొద్దూ? ఆ గాలి కూడా రంగులో కలపాలి."

గాలి కలపడం అంటే తెలుపు కలపడం. చుక్క తెలుపు, చుక్క నీలం, కాస్త ఇటికరంగు. నలుపు మాత్రం ముట్టరు. నలుపు వేస్తే రంగు చచ్చిపోతుందట. అట్టముక్క మీద రాసి, కిటికీ దగ్గర పెట్టి, గది ఈ చివర నుంచి చూసి, తల అడ్డంగా ఊపి మళ్ళీ మొదలు. వారం రోజులకి ముదురు, లేత రెండూ తేలాయి. నడిమి బూడిదకి ఇంకా టైముందన్నారు. అది ఇటూ కాదు, అటూ కాదు, మాట వినదట.

"ఈ చారలేస్తే ఓడ కనపడదా మేస్త్రీ గారూ?" అని అడిగాను ఒకరోజు టీ ఇస్తూ.

"అంత కొండ కనపడకుండా ఎలా పోతుందమ్మా! కనపడుతుంది. కానీ ముక్కెటో తోకెటో తెలీదు. ఎటు పోతోందో, ఎంత వేగంగా పోతోందో అంతు పట్టదు. గురి చూసేవాడికి ఒక్క నిమిషం అనుమానం రావాలి. ఆ ఒక్క నిమిషం కోసమే ఈ అవస్థంతా."

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చాక నేనేదైనా సూటిగా అడిగితే ఇలాగే మాట్లాడతారు. దానికి రంగులు కూడా అక్కర్లేదు.

ఆ టీ తాగుతూనే మేస్త్రీ గారు తన కథ చెప్పారు. నాకు కొత్త, యార్డులో అందరికీ పాతదేనట.

"నన్ను యార్డులో ఏమని పిలిచేవాళ్ళో తెలుసా కోడలమ్మా? తిరగేసిన మేస్త్రీ అని. ఈ ఓడ వల్లే. పై నుంచి చారల కాగితం ఇచ్చారు. తాళ్ళకి పలకలు కట్టి, నలభై మందిని వేలాడదీసి, మూడు రోజుల్లో వేయించాను. కాగితంలో ఎలా ఉంటే అలా, అంగుళం తేడా లేదు. అయిపోయాక కాగితాలు వెనక్కిచ్చేశాం, వాళ్ళు కాల్చేశారు. రహస్యం కదా. మర్నాడు పెద్దాఫీసు నుంచి ఒకాయన అసలు డ్రాయింగు పట్టుకొచ్చి చూస్తే, ఎడమ పక్క ఉండాల్సిన చారలు కుడి పక్కనున్నాయి, కుడివి ఎడమ పక్కనున్నాయి. నాకిచ్చిన కాగితం అలాగే ఉందయ్యా అంటే వినేదెవడు? కాగితం బూడిదైపోయింది. మళ్ళీ వేయడానికి టైము లేదు, ఓడ అలాగే వెళ్ళిపోయింది. హెడ్ మేస్త్రీ అవ్వాల్సినవాణ్ణి. రేవులో తేలే పీపాలకి రంగేసే పని ఇచ్చారు. పీపాకి ఎడమా కుడీ ఉండవు కదా, ఇక నువ్వు తప్పు చేయలేవు అన్నాడు మా సూపర్‌వైజరు. పదేళ్ళు పీపాలకి వేశాను."

"మీ ఇంట్లో వాళ్ళైనా నమ్మారా?" అన్నాను.

"మా ఆవిడా? ఇప్పటికీ నేను గడియారం గోడకి కొడితే వంకర చూసి, 'నువ్వే తిరగేసుంటావులే' అంటుంది. నలభై నాలుగేళ్ళు!" ఆయన నవ్వుతూనే అన్నారు గానీ టీ సగంలో ఆపేశారు. తర్వాత గొంతు తగ్గించి, "ట్రేసరమ్మగారూ, ఒక్క మాట. దీనికి డ్రాయింగు ప్రకారమే వేయండి. నేను వేసినట్టు వేశారంటే మళ్ళీ నన్నే అంటారు. పోయినదాన్ని అద్దాల పెట్టెలో పెట్టడమెందుకు?" అన్నారు.

అత్తగారు ఓడ ముక్కు దగ్గర లంగరు అతికిస్తున్నారు. చిటికెన గోరంత లంగరు. పట్టకారులోంచి జారి కింద పడింది. అయిదు నెలల్లో ఆవిడ చేతిలోంచి ఏదైనా జారడం నేను చూసింది అప్పుడే. మేమిద్దరం నేల మీద పాకి దాన్ని వెతికాం. దొరికింది గానీ, ఆవిడ దాన్ని ఆ రోజు అతికించలేదు.

తర్వాత పది రోజులు అత్తగారు రంగు ముట్టలేదు. మేస్త్రీ గారికి జలుబు చేసి రావడం మానేశారు. అది వంకగా ఆవిడ, ఉన్న కటకటాలు విప్పి మళ్ళీ అల్లారు. బాగున్నవే. యార్డు గది తెరవడానికి నెల కూడా లేదు.

ఒక మధ్యాహ్నం నేను బట్టలు మడతపెడుతుంటే, పక్కన పెట్టి రమ్మని అత్తగారు పిలిచారు. మా ఆయన ఆఫీసులో ఉన్నారు. బల్ల మీద ట్రేసింగ్ కాగితం పరిచి ఉంది. పైన ఓడ ఎడమ పక్క బొమ్మ, కింద కుడి పక్క బొమ్మ గీసి, చారల్లో చుక్కలూ గీతలూ నింపారు.

"ఇందులో ముందేది, వెనకేది?"

"సిరా ఉన్న వైపు ముందు."

"పైకెత్తి చూడు." ఎత్తాను. రెండు వైపుల నుంచీ ఒకేలా కనిపించింది. అద్దం లాంటి కాగితం.

"మామూలు డ్రాయింగైతే అక్షరాలుంటాయి, తిరగబడితే ఇట్టే తెలిసిపోతుంది. చారల కాగితంలో మాత్రం, రహస్యమని, ఒక్క అక్షరం, ఒక్క అంకె ఉండకూడదన్నారు. ముదురుకి చుక్కలు, నడిమికి గీతలు, లేతకి ఖాళీ. మరి ప్రింటు తీసేవాడికి ముఖం ఏదో ఎలా తెలియాలి? అందుకని పై కుడి మూల కత్తిరిస్తాం. కత్తిరించిన మూల వాడి కుడిచేతి పైన ఉండేలా పెట్టుకుని తీస్తాడు. ఆ మూల కత్తిరించడం ట్రేసరు పని."

ఆవిడ కాగితాన్ని, పుస్తకంలో పేజీ తిప్పినట్టు, బోర్లా తిప్పారు. "పనైపోయాక వెనక వైపు సుద్దపొడితో తుడవాలి, సిరా మరకలు పోవడానికి. ఇలా తిప్పాను. తుడిచాను. మళ్ళీ తిప్పాలి. ఇంతలో భోజనాల గంట కొట్టారు." కత్తెర తీసుకుని, అప్పుడు పైన కుడిచేతి వైపున్న మూలని కసుక్కున కోశారు. "పంపేసి తినడానికి పోయాను."

నేను కాగితం వంక చూశాను. ఎడమకి తిరిగిన ముక్కు ఇప్పుడు కుడికి తిరిగి ఉంది. ఎడమ పక్క చారలు చక్కగా కుడి పక్క ఓడ మీద కూర్చున్నాయి. ఎవరు చూసినా ఇదే ముఖం అనుకుంటారు. తప్పు కూడా అంత శుభ్రంగా ఉంది.

"ఎప్పుడు తెలిసింది అత్తయ్యా?"

"ఆయన్ని మెట్ల దగ్గర నిలబెట్టి తిడుతుంటే కిటికీలోంచి విన్నాను, అప్పుడే. నాకది రెండో నెల. ఉద్యోగం ఖాయం కాలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. రేపటికి ఓడ వెళ్ళిపోయింది. తిరిగొచ్చాక చెబుదాం అనుకున్నాను. తిరిగొస్తే అంతా సంబరం, ఆ మధ్యలో ఏం చెబుతాం? తర్వాత ఏటికేడు కష్టమైపోయింది. చివరికి స్కేలు ఇచ్చారు."

వంటింట్లోకి వెళ్ళిపోవడం సిగ్గు కాదని నాకప్పుడు తెలిసింది. ఓదార్చడం నాకు రాదు, ఆవిడకి నచ్చదు. అందుకని, "డ్రాయింగు ప్రకారం వేసేయండి. మేస్త్రీ గారూ అదే కోరారు, యార్డు వాళ్ళూ అదే చూస్తారు, మీ స్కేలూ మీకుంటుంది" అన్నాను.

కళ్ళజోడు పై నుంచి చూశారు. "నీకు నిజంగా అలా అనిపిస్తోందా?"

"లేదు. ఎవరో ఒకరు అనాలి కదా అని అన్నాను."

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి తూర్పు కిటికీ కింద రంగు మొదలైంది. ఓడ సముద్రంలోకి వెళ్ళినప్పుడు ఎలా ఉందో అలా.

ఆ నాలుగు రోజులు మా ఇంట్లో ఎవరూ తలుపు గట్టిగా వేయలేదు. అత్తగారు గాజు పలక మీద టేపు అతికించి, బ్లేడుతో వంపులు కోసి, ఆ ముక్కని పట్టకారుతో ఎత్తి ఓడ పక్కన పెట్టి, గోటితో అంచు నొక్కేవారు. అంచు సరిగ్గా నొక్కకపోతే రంగు కిందకి పాకుతుంది. ఒక్కసారి దట్టంగా కాకుండా అయిదుసార్లు పల్చగా వేసేవారు, ఒక్కో పూత ఆరాక ఇంకోటి. కిటికీలు, నిచ్చెనలు, పొగగొట్టం చుట్టూ వంపులు వచ్చేచోట టేపు లేకుండా చేత్తోనే. కుంచె మొన పెట్టేముందు ఊపిరి వదిలేస్తారు, గీత పూర్తయ్యాకే మళ్ళీ పీలుస్తారు. చూస్తున్న నేను కూడా పీల్చడం మానేసేదాన్ని. చారలు ఓడ పొట్ట మీద మొదలై, డెక్కు అంచు దాటి, ఫిరంగి గూటి మీదకెక్కి, మళ్ళీ దిగేవి. ఎక్కడా అతుకు కనిపించలేదు. మూడో రోజు టేపు ఊడదీస్తుంటే మా ఆయన కూడా ఆఫీసు బ్యాగు భుజాన ఉండగానే నిలబడిపోయారు. "అమ్మా, ఇది ఎటు పోతోంది?" అన్నారు.

"కదా!" అన్నారు అత్తగారు. ఆ నాలుగు రోజుల్లో నవ్వింది అదొక్కసారే.

అయిదో రోజు మేస్త్రీ గారు జలుబు తగ్గి వచ్చారు, చేతిలో నడిమి బూడిద సీసాతో. కుదిరిందన్న సంతోషం మొహంలో తెలుస్తోంది. ఓడని చూశారు. అటు తిరిగి చూశారు, ఇటు వచ్చి చూశారు. మళ్ళీ అటు వెళ్ళారు. సంతోషం పోయింది.

"ట్రేసరమ్మగారూ, వద్దన్నాను కదా."

"కూర్చోండి మేస్త్రీ గారూ."

"ఏం కూర్చుంటానమ్మా! పీపాలకి రంగేసి బతికాను, పోనీ అనుకున్నాను. ఇప్పుడు స్కూలు పిల్లల దగ్గర్నుంచీ అందరూ వచ్చి నా తప్పు అద్దంలో చూడాలా? మీకు నేనేం చేశాను?"

"కూర్చోండి. రెండు నిమిషాలు."

అత్తగారు కొత్త కాగితం పరిచి గీసి చూపించారు. బోర్లా తిప్పారు, సుద్దపొడి అద్దారు, మూల కోశారు. నాతో చెప్పినన్ని మాటలు కూడా చెప్పలేదు. "ఇది మీకు వచ్చిన కాగితం. కోసింది నేను" అన్నారు, అంతే.

ఆయన కోసిన ముక్కని వేలితో కదిపి చూశారు. బల్ల అంచు పట్టుకుని లేచారు. చెప్పులు వేసుకున్నారు. గొడుగు మర్చిపోయారు. సీసా మాత్రం మర్చిపోలేదు, జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఎనిమిది రోజులు రాలేదు. ఓడ మీద ముదురు ఉంది, లేత ఉంది, నడిమి ఉండాల్సిన చోటల్లా అడుగున వేసిన తెల్లటి పూత. యార్డు గది తెరవడానికి ఇంకో పది రోజులు. మా ఆయన, "అమ్మా, ఆ రంగేదో షాపులో తేనా?" అన్నారు.

"నేనూ కలపగలను. కానీ అది ఆయన రంగు."

"మరి ఆయన ఇవ్వకపోతే?"

"తెల్లగానే పంపిస్తాను. ఎందుకు తెల్లగా ఉందో రాసి మరీ పంపిస్తాను."

ఆయన దగ్గరికి ఎవరూ వెళ్ళొద్దని, బలవంతపెట్టొద్దని అత్తగారు గట్టిగా చెప్పారు. గొడుగు విషయం మాత్రం ఏమీ చెప్పలేదు. ఎవరి వస్తువు వాళ్ళకి ఇచ్చిరావడం మర్యాద కదా. మబ్బు కూడా లేని రోజు చూసుకుని గొడుగు పట్టుకుని వెళ్ళాను.

తలుపు తీసింది మేస్త్రీ గారి భార్య. పొట్టి మనిషి, గొంతు మాత్రం రేవు దాకా వినిపిస్తుంది. "మీరేనా ఓడ వాళ్ళింటి కోడలు? ఏమైందమ్మా ఈయనకి? వారం దాటింది, ఒక సీసా పట్టుకుని పొద్దునా సాయంత్రం ఊపుతూ కూర్చుంటున్నాడు. తాగడు, పారబోయడు. మందా అది?"

నాకు నవ్వు ఆగలేదు, ప్రాణం కూడా లేచి వచ్చింది. ఊపకపోతే రంగు అడుగున గడ్డకడుతుంది. ఇవ్వకూడదనుకున్న మనిషి ఊపడు.

"రంగు పిన్నిగారూ."

"మీ ఇంట్లో ఏదైనా తప్పు చేశాడా? మళ్ళీ తిరగేశాడా?"

"లేదండీ. తప్పు మా ఇంటిది. ఆయన చెప్పకపోతే మీరే వచ్చి చూసుకోండి" అని గొడుగు చేతికిచ్చి వచ్చేశాను. ఇంటికొచ్చాక అత్తగారు, "గొడుగేదీ?" అన్నారు. "ఎండగా ఉందని ఇచ్చేసి వచ్చాను" అన్నాను.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి ఇద్దరూ వచ్చారు. మేస్త్రీ గారు గుమ్మంలోనే నిలబడి, "నాకు చెప్పారు, సరే. అది చాలదు. ఈవిడకి చెప్పండి. ఈవిడ దగ్గర నా మాట ఏనాడూ చెల్లలేదు" అన్నారు.

అత్తగారు మళ్ళీ కాగితం పరిచారు. మేస్త్రీ గారి భార్య చేతులు కట్టుకుని చూసింది. అయిపోగానే, "ఏదీ, ఇటివ్వండి" అని కాగితం, కత్తెర తనే తీసుకుంది. తనే తిప్పింది, తనే కోసింది. ఓడ పక్కన పెట్టి ముక్కు ఎటుందో, చారలెటున్నాయో చూసింది. నమ్మకం చాలక ఇంకో కాగితం అడిగి ఇంకోసారి చేసింది. అప్పుడు కత్తెర కింద పెట్టి మొగుడి వైపు తిరిగింది.

"ఏమయ్యా, ఈ మాట అప్పుడే గట్టిగా చెప్పొచ్చుగా?"

"నలభై నాలుగేళ్ళ నుంచీ చెప్తున్నానే!"

"మరి మా చెల్లెలింటికి తీసుకెళ్తానని ఎదురు వైపు పోయే బస్సెక్కించావే, అది?"

ఆయన గొడుగు మూలకి ఆనించారు. "అది నా తప్పే."

ఆవిడ అత్తగారి వైపు తిరిగింది. ఈసారి గొంతు తగ్గింది. "ఇన్నేళ్ళూ నేను ఈయన్ని ఎన్ని మాటలన్నానో మీకు తెలుసా అమ్మా?"

"తెలీదు. వాటిలో కొన్ని నన్ననండి. కూర్చుని వింటాను."

"అంటాను. టీ తాగాక."

నేను టీ పెట్టడానికి లేచాను. టీ తాగాక ఆవిడ అన్నది కూడా. గుమ్మం అవతల నుంచి నాకు బాగానే వినిపించింది. అత్తగారు ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు. ఆఖరికి మేస్త్రీ గారే, "ఇక చాలు లేవే" అన్నారు. తర్వాత అత్తగారితో, "పీపాలకి రంగేస్తూ రోజూ తిట్టుకునేవాణ్ణి. ఎవర్ని తిట్టాలో తెలీక అందర్నీ తిట్టాను. ఇప్పుడు మనిషి దొరికింది, తిడదామంటే ఓపిక లేదు" అన్నారు. జేబులోంచి సీసా తీసి బల్ల మీద పెట్టారు. "నడిమి బూడిద. కుంచె పల్చగా ఆనించండి. తడి మీద ముదురుగా ఉంటుంది, ఆరాక తేరుతుంది."

"మీరే మొదలుపెట్టండి" అన్నారు అత్తగారు, కుంచె ఆయన చేతికిస్తూ.

ఆయన కుంచె ముంచి ఆనించారు. మొదటి పూత కాస్త వంకరగా పోయింది, లేత బూడిద మీదకి. అత్తగారు దాన్ని దిద్దలేదు. ఇప్పటికీ అలాగే ఉంది, ఎడమ పక్క, పొగగొట్టం కింద.

యార్డు గది తెరిచే ముందు రోజు అత్తగారు బీరువాలోంచి ఇత్తడి స్కేలు తీశారు. దాంతో అట్ట మీద గీతలు కొట్టి, ట్రేసరు చేతిరాతతో రాశారు: "ఓడ సముద్రంలోకి వెళ్ళినప్పుడు ఉన్నట్టే ఉంది. అసలు డ్రాయింగులో చారలు పక్కలు మారి ఉంటాయి. కాగితం బోర్లా పెట్టి మూల కత్తిరించింది ట్రేసరు. ఇచ్చిన కాగితం ప్రకారం అంగుళం తేడా లేకుండా రంగు వేయించింది మేస్త్రీ." కింద ఇద్దరి పేర్లు. ఆ తర్వాత అట్టని రెండుసార్లు అటూ ఇటూ చూసుకుని, పై కుడి మూల కోశారు.

మర్నాడు యార్డులో కుర్ర ఇంజనీరు ఒకడు పుస్తకం పట్టుకుని ఓడ చుట్టూ తిరిగి, "అమ్మా, ఇందులో పక్కలు..." అని మొదలుపెట్టాడు.

"కింద రాసుంది, చదువు నాయనా" అంది మేస్త్రీ గారి భార్య. పొద్దున తలుపులు తీసినప్పటి నుంచీ ఆవిడ అద్దాల పెట్టెకి ఎడమ పక్కన కాపలా నిలబడే ఉంది. వచ్చినవాళ్ళలో చదవనివాళ్ళకి తనే చెప్పింది: "కాగితం తిరగబడింది. మా ఆయన కాదు." అలా చెప్పిన ప్రతిసారీ, కుడి పక్కన నిలబడ్డ మా అత్తగారు అవునని తల ఊపారు. సాయంత్రం దాకా, ఒక్కసారి కూడా వంటింటి కోసం చూడకుండా.